చీజ్‌ల నంబర్లు, హలాల్ సంగతి
(నాందేడ్ స్టూడియో చర్చ నుంచి కొంత భాగం)

యాంకర్: ధర్మాబాద్, దెగ్లూర్, బిలోలి దిక్కు నుంచి మనోళ్లు అడుగుతున్నది ఒక్కటే. పిల్లలు తినే చీజ్ హలాలేనా? భాయ్, మీ పిజ్జా సెంటర్ల కూడా అడుగుతరా?

పిజ్జా సెంటర్ యజమాని: అడగనిదెవరు? ప్యాకెట్ మీద కలిపిన పదార్థాల నంబర్లల్ల 471 ఉందనుకోండి, ఫోన్ల కొడితే ఒకదగ్గర హలాల్ అంటది, ఇంకోదగ్గర హరామ్ అంటది.

ఫుడ్ టెక్నాలజీ లెక్చరర్: రెండూ నిజమే కావచ్చు భాయ్. 471 అంటే నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫైయర్. అది పామాయిల్ నుంచీ చేస్తారు, జంతువుల కొవ్వు నుంచీ చేస్తారు. నంబర్ చూసి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం. 160బి అయితే పేచీ లేదు, అన్నాటో గింజల రంగు. 1105 అంటే చీజ్ పాడవకుండా వేసే లైసోజైమ్, కోడిగుడ్డు తెల్లసొన నుంచి వస్తుంది. అసలు అడగాల్సింది రెన్నెట్ గురించి.

యాంకర్: అదేంది మేడమ్?

లెక్చరర్: పాలు గడ్డకట్టించే ఎంజైమ్. పాత పద్ధతిలో పాలు తాగే లేగదూడ కడుపు పొరలోంచి తీసేవారు. బూజు నుంచి తీసేదీ ఉంది. రెన్నెట్‌లో అసలు పనిచేసే ఎంజైమ్ కైమోసిన్; సూక్ష్మజీవులతో చేయించే కైమోసిన్‌కు అమెరికా 1990లో అనుమతిచ్చింది.

మౌలానా: దూడను షరియత్ ప్రకారం జిబహ్ చేస్తే, అంటే కోస్తే, మాటే లేదు. చేయకపోతేనే ఇఖ్తిలాఫ్, అంటే పండితుల మధ్య అభిప్రాయ భేదం. హనఫీ పద్ధతికి మూలమైన ఇమామ్ అబూ హనీఫా ఆ రెన్నెట్ పాకే, అంటే శుద్ధమే అన్నరు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అంతదూరం పోలేదు. ఇమామ్ షాఫయీ పద్ధతి పాటించే షాఫయీలు ఒప్పుకోరు. పందిదైతే ఎవ్వరూ ఒప్పుకోరు.

యజమాని: మరి నేను గిరాకీకి ఏం జెప్పాలె సాబ్?

లెక్చరర్: ముందు ప్యాకెట్ మీద శాకాహారం గుర్తు, ఆ పచ్చచుక్క చూడండి. మన దేశం నిబంధనల్లో పాలు, తేనె లాంటివి తప్ప జంతువు నుంచి వచ్చింది ఏది ఉన్నా, గుడ్డైనా సరే, ఆ చుక్క పెట్టకూడదు. దూడ రెన్నెట్, కొవ్వుతో చేసిన 471 అక్కడే ఆగిపోతాయి.

మౌలానా: అట్లని పచ్చచుక్కే హలాల్ ముద్ర అనుకోవద్దు. ఫ్లేవర్‌ల ఆల్కహాల్ ఉంటే? దానికి చుక్క జవాబు చెప్పదు. కంపెనీకి రాసి అడగాలె.

యాంకర్: మీ దుకాణంల ప్యాకెట్ చూపిస్తరు సరే. తురిమిన చీజ్ ఏడికెళ్లి తెస్తరు?

యజమాని: (నవ్వుతూ) అది విడిగా వస్తది. తెల్ల కవర్ల.

లెక్చరర్: లేబుల్ లేని కవర్‌కు చుక్కా లేదు, నంబరూ లేదు. అది చీజో, పామాయిల్‌తో చేసిన అనలాగో, అంటే చీజ్‌లాంటి నకలో కూడా తెలియదు. మనం ఇంతసేపు 471 మీద కొట్లాడుతున్నాం గానీ, అసలు గుండెదడ ఆ కవర్‌తోనే.

యజమాని: సరే, లేబుల్ ఉన్న బ్లాకే తెచ్చి తురుముత. రేటు పెరిగిందని గిరాకీ లొల్లి చేస్తే మీ దగ్గరికే పంపుత మేడమ్.