బేగంపేట స్టేషన్‌లో బండి కోసం ఎదురుచూసేవాళ్లు

సభకు నమస్కారం.

బేగంపేట అనగానే మనలో చాలామందికి ముందుగా పాత విమానాశ్రయం గుర్తుకొస్తుంది. ఆ తరువాత పైగా అనే ప్రభువంశం వారి ప్యాలెస్, 1923లో జాగీర్దారుల పిల్లల కోసం మొదలై ఇప్పుడు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌గా పేరుపొందిన బడి, గ్రీన్‌లాండ్స్ చుట్టుపక్కల హోటళ్లు, పెద్ద దుకాణాలు గుర్తుకొస్తాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన కుమార్తె బషీరున్నిసా బేగాన్ని పైగా వంశానికి ఇచ్చి పెళ్లి చేసినప్పుడు ఈ ప్రాంతాన్ని కట్నంగా ఇచ్చారనీ, అందుకే దీనికి బేగంపేట అని పేరు వచ్చిందనీ చెబుతారు. అంటే పేరులోనే కలిమి ఉన్న పేట ఇది. ఇంత పేరున్న చోట రైల్వే స్టేషన్ ఒకటి ఉందన్న సంగతి మాత్రం చాలామందికి ఆలస్యంగా తడుతుంది. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఆ స్టేషన్ గురించి, అంతకంటే ఎక్కువగా అక్కడ రోజూ ఎక్కి దిగే మనుషుల గురించి.

కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం కాలపు రైలు మార్గం 1874లో మొదలైంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇదే బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిన నాటికే ఈ పట్టాల మీద ఇరవై మూడేళ్లుగా బళ్లు తిరుగుతున్నాయి. విమానాశ్రయం ఆ తరువాత ఎప్పటికో వచ్చింది, 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిపోయాయి. పట్టాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ అనే నగరపు లోకల్ రైళ్లు మొదలయ్యాక ఈ స్టేషన్‌కు వచ్చిన ప్రాధాన్యం పటం చూస్తే తప్ప అర్థం కాదు. లింగంపల్లి వైపు నుంచి హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్ మీదుగా నాంపల్లికీ, సికింద్రాబాద్‌కూ వెళ్లే బళ్లు బేగంపేట దాకా ఒకే దారిలో వస్తాయి. ఇక్కడ దాటాక హుస్సేన్‌సాగర్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి, రెండోది సంజీవయ్య పార్కు, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్‌కు పోతాయి. కాబట్టి పొరపాటున ఒకదానికి బదులు ఇంకొకటి ఎక్కినవాళ్లు దిగి బండి మారడానికి మిగిలిన చివరి చోటు బేగంపేటే.

ఒక సాయంత్రం అక్కడ నేను చూసిన దృశ్యం చెబుతాను. దగ్గరలోని అపార్ట్‌మెంట్లలో పని ముగించుకుని వచ్చిన ఒక పెద్దావిడ, చేతిలో గుడ్డసంచి, సంచిలో స్టీలు డబ్బా, కొంగు ముడిలో టికెట్టు. బండి వచ్చి ఆగగానే తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి, ‘ఇది సికింద్రాబాద్ పోతదా బిడ్డా, నాంపల్లి పోతదా?’ అని అడిగింది. ‘నాంపల్లి బండమ్మా, నీది ఎనక వస్తది’ అన్నాడతను. ఆమె వెళ్లి బల్ల మీద కూర్చుంది. కొంగు ముడి మరొకసారి తడిమి చూసుకుంది. వెనక వచ్చే బండి పది నిమిషాల్లోనా, గంటకా అన్నది ఆమెకు తెలియదు. బేగంపేట స్టేషన్ గురించి ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా ఆ బల్ల మీద కూర్చుని ఆలోచించి తీసుకోవాలని నాకు అప్పుడే అనిపించింది.

2025 మే 22న, అమృత్ భారత్ పథకం కింద సుమారు 26 కోట్ల రూపాయలతో తీర్చిదిద్దిన ఈ స్టేషన్‌ను ప్రధానమంత్రి ప్రారంభించారు. అదే రోజు తెలంగాణలో కరీంనగర్, వరంగల్ స్టేషన్లు కూడా కొత్త రూపంతో అందుబాటులోకి వచ్చాయి. నేను దాన్ని మనస్ఫూర్తిగా హర్షిస్తున్నాను. ఇంటి పని చేసే మనిషి కూడా మంచి వెలుతురులో, శుభ్రమైన చోట నిలబడాలి, అది ఆమె హక్కు. కానీ స్టేషన్ ఎంత అందంగా ఉన్నా లోకల్ ట్రైన్ ప్రయాణికుడు అక్కడ గడపాలనుకునేది కొద్ది నిమిషాలే. అతనికి కావలసింది బండి. మన ఎంఎంటీఎస్‌కు సొంత పట్టాలు తక్కువ. దూరప్రాంతాల ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బళ్లు నడిచే దారుల్లోనే ఇదీ నడవాలి. ముందు వెళ్లవలసిన బండి ఏదన్న ప్రశ్న వచ్చినప్పుడు లోకల్ పక్కకు తప్పుకోవలసి వస్తుంది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కూ ఉందానగర్‌కూ ఈ సేవలు విస్తరించాయి, సంతోషం. అయితే దూరం పెరిగినంత మాత్రాన పాత దారిలో బండికీ బండికీ మధ్య ఎడం తగ్గదు.

2017 నవంబరులో మెట్రో వచ్చాక, బేగంపేటకు ఇంకొక స్టేషన్ దొరికాక, టికెట్టు ఖర్చు భరించగలిగిన ఉద్యోగులు చాలామంది అటు మళ్లారు. వాళ్లను తప్పుపట్టను, చేతిలో గడియారం ఉన్న ఎవరైనా అదే చేస్తారు. ఐదు రూపాయల టికెట్టుకూ మెట్రో టికెట్టుకూ మధ్య తేడాను నెలాఖరుకు లెక్క చూసుకునేవాళ్లు మాత్రం ఈ ప్లాట్‌ఫారం మీదే మిగిలారు. ఈ పేటలో దుకాణాల అద్దాలు తుడిచేవాళ్లు, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీకి వచ్చే ఆయాలు, హోటళ్ల వంటగదుల్లో గిన్నెలు కడిగేవాళ్లు. వీళ్లు రాకపోతే ఇంత హంగున్న పేటలో ఒక్కరోజు కూడా గడవదు.

కనుక నేను కోరుతున్నవి మూడే. రద్దీ వేళల్లో లింగంపల్లి దారిలో బళ్ల మధ్య ఎడం తగ్గించాలి. దుకాణాలు మూసి, రాత్రి పని ముగిసే వేళకు రెండు వైపులా బండి ఉండేలా సమయాలు సర్దాలి. ఇక మూడోది ఖర్చు తక్కువది: తరువాతి నాంపల్లి బండి ఎన్ని నిమిషాల్లో, సికింద్రాబాద్ బండి ఎన్ని నిమిషాల్లో వస్తుందో ప్లాట్‌ఫారం నడుమ పెద్ద తెలుగు అక్షరాల్లో, ఎప్పటికప్పుడు నిజం చెప్పే బోర్డు మీద కనిపించాలి. చదువు రానివాళ్ల కోసం అదే సంగతిని మైకులో నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాలి.