పాత స్కాన్ తెచ్చారా?

(విజయవాడలో మల్టిపుల్ స్క్లిరోసిస్ రోగులు, వారి కుటుంబసభ్యుల ముందు ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, సంతోషం.

సాయంత్రం పూట సూర్యారావుపేటలో నిలబడితే, చంకలో స్కాన్ ఫిల్ముల కవరు పెట్టుకుని డాక్టర్ల బోర్డులు చదువుకుంటూ తిరిగేవాళ్లు కనిపిస్తారు. ఆ కవర్లో చాలాసార్లు ఒక్క స్కానే ఉంటుంది. నా బాధంతా దాని గురించే. మల్టిపుల్ స్క్లిరోసిస్, అదే ఎంఎస్ విషయంలో ఒక్క స్కాన్ సగం కథే చెబుతుంది.

జబ్బు సంగతి మీకు తెలిసిందే. మన రక్షణ వ్యవస్థ మన నరాల పైతొడుగు మైలిన్‌ మీదే దాడి చేస్తుంది, దాడి జరిగిన చోట మచ్చ పడుతుంది. 1868లో ఫ్రాన్సులో శార్కో అనే నరాల వైద్యుడు దీన్ని వివరంగా వర్ణించాడు. అయితే ఆ మచ్చలు కళ్లారా చూడాలంటే మనిషి పోయాక మెదడు కోసి చూడాల్సిందే. బతికున్న మనిషి మెదడులో వాటిని ఎంఆర్ఐ చక్కగా పట్టుకుంటుందని 1981లో లండన్ వైద్యులు చూపించారు.

మచ్చ కనపడగానే ఎంఎస్ అనేస్తే చాలా ప్రమాదం. బీపీ, షుగర్, వయసు, చివరికి పార్శ్వపు నొప్పి ఉన్నా మెదడులో తెల్ల చుక్కలు వస్తాయి. తలనొప్పికి స్కాన్ తీయించుకున్న ఒక అమ్మాయి రిపోర్టులో ఎవరో ‘డీమైలినేషన్ అనుమానం’ (మైలిన్ దెబ్బతింది, అంటే ఎంఎస్ కావచ్చు) అని రాశారు. ఇంట్లో వాళ్లు పెళ్లి మాటలు ఆపేశారు. చూస్తే అవి పార్శ్వపు నొప్పి చుక్కలు! రిపోర్టులో రాసిన ఒక్క మాటకు ఎంత బరువుంటుందో మా వాళ్లు కొందరు మర్చిపోతుంటారు.

అందుకే మెక్‌డొనాల్డ్ ప్రమాణాలని, ఎంఎస్ అవునో కాదో తేల్చడానికి కొన్ని నియమాలున్నాయి. 2001లో మొదలయ్యాయి, తర్వాత చాలాసార్లు మారాయి. 2024 సవరణ దాకా అవి అడిగినవి ముఖ్యంగా రెండు: మచ్చలు వేర్వేరు చోట్ల ఉన్నాయా? వేర్వేరు సమయాల్లో పుట్టాయా? 2017 లెక్కలో చోట్లు నాలుగు: మెదడు లోపలి నీటి గదుల పక్కన, పై పొరలో లేదా దాన్ని ఆనుకుని, చిన్నమెదడు–మెదడు కాండం దగ్గర, వెన్నుపాములో. వీటిలో కనీసం రెండిట్లో మచ్చలుండాలి. 2024 సవరణలో కంటి నరం ఐదో చోటయింది. సమయం సంగతికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్, అంటే మచ్చ మెరిసేలా స్కాన్ వేళ నరానికి ఇచ్చే మందు, పనికొస్తుంది. కొత్త మచ్చ కొన్ని వారాల పాటు మెరుస్తుంది, పాతది మెరవదు. ఒకే స్కాన్‌లో రెండు రకాలూ కనిపిస్తే అవి ఒకనాడు పుట్టినవి కావని అర్థం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తాను. రక్తంలోని ఇనుమును పసిగట్టే ఒక రకం చిత్రాలు తీస్తే, ఎంఎస్ మచ్చ నడుమ సన్నని నల్ల గీత కనిపిస్తుంది, ఆకు మధ్య ఈనెలాగా. అది చిన్న సిర. ఎంఎస్‌లో మంట, అంటే రక్షణ కణాల దాడి, సిరల చుట్టూ మొదలవుతుంది కాబట్టి ఆ గుర్తు మిగులుతుంది. పది మచ్చల్లో కనీసం నాలుగింటిలో ఈ గీత ఉంటే ఎంఎస్ వైపు మొగ్గుతాం. పార్శ్వపు నొప్పి చుక్కల్లో ఇది అంతగా కనపడదు. ఆ అమ్మాయికి అప్పుడే ఈ చిత్రం తీసి ఉంటే ఎంత బాగుండేది!

మరో గుర్తు, కొన్ని మచ్చల అంచున నల్లటి ఉంగరం. ఇనుము నింపుకున్న కణాలు అంచున కాపు కాస్తున్నాయన్నమాట. అలాంటి మచ్చ కాంట్రాస్ట్‌కి మెరవకపోవచ్చు, పైకి అంతా నిమ్మళంగానే ఉంటుంది. లోపల మాత్రం నివురుగప్పిన నిప్పు. ఎటాక్‌లు రాకపోయినా నడక ఎందుకు మందగిస్తోందో దీన్ని బట్టి కొంత అర్థమవుతోంది.

మన ఊరి ఎండ గురించి ఒక మాట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక దెబ్బతిన్న నరం ఎంత! ఒళ్లు వేడెక్కితే చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. చల్లబడగానే సర్దుకుంటే అది కొత్త ఎటాక్ కాదు, స్కాన్‌లో కొత్త మచ్చా ఉండదు. టెన్షన్ పడి పరుగెత్తనక్కర్లేదు. చల్లబడినా తగ్గకుండా ఒక రోజు దాటితే మాత్రం డాక్టరుకు చెప్పండి.

ఇక మొదటి మాటకే వస్తాను. మందు మొదలుపెట్టే ముందు ఒక స్కాన్, మూడు నుంచి ఆరు నెలల తర్వాత ఇంకొకటి, ఆపైన మామూలుగా ఏడాదికొకటి. ఈ రెండో స్కాన్ ఎందుకంటారా? మందు పని మొదలుపెట్టేలోపు పుట్టిన మచ్చలను మందు ఖాతాలో వేయకూడదు గదా. ఏడాదికోసారి తీసేవాటిలో ప్రతిసారీ కాంట్రాస్ట్ అవసరం ఉండదు. వీలైనంత వరకు అదే మెషీన్ మీద, అదే పద్ధతిలో తీయించుకోండి. నిరుడు 1.5 టెస్లా (మెషీన్ అయస్కాంత బలం), ఈసారి 3 టెస్లా అయితే మచ్చలు పెరిగినట్టు కనిపించవచ్చు, నిజానికి పెరిగింది మెషీన్ చూపే! ఒకావిడ మందు మార్చబోయి, పాత సీడీ పక్కన పెట్టి చూశాక ఆ ఆలోచన మానుకున్నారు.

సీడీ అంటున్నాను, గమనించండి. ఒక మిల్లీమీటరు మందంతో, మచ్చలు తెల్లగా కనిపించేలా తీసే త్రీడీ ఫ్లెయిర్‌లో నూట యాభైకి పైగా ముక్కలుంటాయి. అవన్నీ ఫిల్ము మీద పట్టవు. కౌంటర్ దగ్గర అడిగి సీడీ తీసుకోండి, కాపీ ఒకటి ఫోన్లోనో పెన్‌డ్రైవ్‌లోనో దాచుకోండి.

ఈ రోజు కవర్లు తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మూల లైట్ బాక్స్, ల్యాప్‌టాప్ పెట్టించాను. టీ తాగి రండి, పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి చూద్దాం.