చలికాలంలో భీమిలి: పొద్దున్నే రండి

(తెర మీద: ఇంకా చీకటి విడని ఒడ్డు. అలల చప్పుడు వినిపిస్తుండగా మాట మొదలు.)

నమస్కారం. మాది భీమిలి. భీమునిపట్నం అని బోర్డుల మీద ఉంటుంది గానీ, బస్సెక్కేవాళ్ళంతా భీమిలి అనే అడుగుతారు. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు.

ఆదివారం భోజనాలయ్యాక చాలామంది కార్లలో బయల్దేరతారు. నాలుగింటికి ఇక్కడ దిగి, ఫొటోలు తీసుకుని, వేడి వేడి బజ్జీలు తిని, చీకటి పడగానే తిరుగుముఖం పడతారు. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గుంకిపోతుంది. అంటే ఊళ్ళో గడిపింది గంటన్నర. ఆపాటికి పడవలు ఒడ్డెక్కేసి ఉంటాయి, చేపలు అమ్ముడైపోయి ఉంటాయి, సముద్రం మీద గాలి రేగి ఉంటుంది. భీమిలిని చూడాల్సింది పొద్దున. అందుకే నా మాటగా ఒక్కటే చెబుతున్నాను: ముందురోజు రాత్రికే వచ్చి పడుకోండి. కుదరకపోతే విశాఖలో నాలుగున్నరకల్లా బండి తీయండి.

(తెర మీద: క్యాలెండరు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా రంగు.)

ఎప్పుడు రావాలి? అక్టోబరు, నవంబరు మాకు తుపాన్ల నెలలు. హుద్‌హుద్ మమ్మల్ని కొట్టింది 2014 అక్టోబరు 12న. డిసెంబరు సగం దాటాక ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. అక్కణ్ణుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి రోజులు. డిసెంబరు 31, జనవరి 1 మాత్రం వద్దు, బీచ్ రోడ్డు మీద బండి కదలదు. సంక్రాంతి మూడు రోజులూ పడవలు చాలావరకు ఒడ్డునే ఉంటాయి, కనుమ నాడు జనం విరగబడతారు. స్వెట్టర్లు మోసుకు రానక్కర్లేదు. తెల్లారగట్ల కప్పుకోవడానికి ఒక శాలువా చాలు.

(తెర మీద: సముద్రం మీద ఎర్రబడుతున్న ఆకాశం.)

ఆరుంబావుకల్లా ఇసుకలో ఉండండి. జనవరిలో సూర్యుడు పైకొచ్చేసరికి ఆరున్నర అవుతుంది. మా తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. చలికాలంలో సూర్యుడు కూడా ఆగ్నేయం వైపు నుంచే వస్తాడు కాబట్టి సరిగ్గా మీ ఎదురుగా, నీళ్ళలోంచే లేస్తాడు. ఎండాకాలంలో బాగా ఎడమకి జరిగిపోతాడు. రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది కాబట్టి ఆ వేళ గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. అందుకే ఒడ్డు దగ్గర నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. పొద్దెక్కేకొద్దీ గాలి మళ్ళుతుంది.

(తెర మీద: అలివి వల లాగుతున్న మనుషులు. దగ్గరగా: తాడు, చేతులు, వల సంచి.)

ఇదిగో, నేను మిమ్మల్ని పిలిచింది దీనికోసం. దీన్ని అలివి వల అంటారు. పడవ మీద వల తీసుకెళ్ళి నీళ్ళలో అర్ధచంద్రాకారంగా పరిచి వస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డున రెండు జట్ల చేతుల్లో ఉంటాయి. నడుము వెనక్కి వంచి, మడమలు ఇసుకలో గుచ్చి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ లాగుతారు. మొదట్లో రెండు జట్లూ దూరందూరంగా ఉంటాయి. వల దగ్గరికొచ్చేకొద్దీ అవీ దగ్గరవుతాయి. చివరికి సంచి ఒడ్డుకి చేరుతుంది. ఒకసారి నెత్తళ్ళు వెండిరేకుల్లా జలజల రాలతాయి. ఇంకోసారి కాసిని కవళ్ళు, రెండు పీతలు, బోలెడంత నాచు, ప్లాస్టిక్ కవర్లు. అంతసేపు లాగినా కూలి గిట్టని పొద్దులుంటాయి. అది చూసినప్పుడు నాకు చాలా బాధగా ఉంటుంది.

దయచేసి లాగుతున్న తాడు దాటకండి, వల తొక్కకండి. ఫొటో తీసేముందు ఒకమాట అడగండి, సాధారణంగా వద్దనరు. "అన్నా, ఓ చెయ్యి వెయ్యమంటావా?" అని అడిగి చూడండి, తాడు మీ చేతికే ఇస్తారు.

పక్కనే ఇసుకలో చేపల వేలంపాట. వంజరం, చందువ లాంటివి పెద్ద వ్యాపారులే పాడుకుంటారు. మీకు కావాలంటే గంపలతో కూర్చున్న అక్కల దగ్గర కొనండి. మరీ గీచి గీచి బేరమాడకండి. నిన్న రాత్రి నుంచి వాళ్ళింట్లో ఎవరికీ నిద్ర ఉండి ఉండదు.

(తెర మీద: ఇడ్లీ బండి, తేగల కట్టలు.)

టిఫిన్ ఊళ్ళో ఏ బండి దగ్గరైనా బాగుంటుంది. తేగలు మాత్రం వదలకండి, ఇది వాటి కాలం. కాల్చినవి తీసుకుని, పొట్టు ఒలిచి, నిలువునా చీల్చి, పీచు లాగేస్తూ తినాలి.

(తెర మీద: డచ్చివారి సమాధులు, లైట్‌హౌస్, గడియార స్తంభం.)

ఎండ ముదరకముందే పాత ఊరు నడిచి చూడండి. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకం పెట్టుకున్నారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. డచ్చివారి శ్మశానంలో మొనదేలిన సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీదెక్కి సెల్ఫీలు దిగొద్దు, రాతలు అరిగిపోతున్నాయి. 1861లోనే పురపాలక సంఘమైన ఊరు మాది, దేశంలో తొలివాటిలో ఒకటి. ఇప్పుడు మహా విశాఖలో కలిసిపోయింది. ఊరి వెనక పావురాళ్ళకొండ. వాలులో నరసింహస్వామి గుడి, పైన బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న నీటి తొట్లు. నీళ్ళ సీసా పట్టుకుని ఎక్కండి.

(తెర మీద: గోస్తనీ సముద్రంలో కలిసేచోటు. ఎర్ర అక్షరాలు: ఇక్కడ దిగొద్దు.)

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చిన గోస్తనీ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున కూర్చుని ఎంతసేపైనా చూడండి. నీళ్ళలోకి మాత్రం దిగకండి. పైకి నిదానంగా కనిపిస్తుంది, అడుగున లాగేస్తుంది. ఈత బాగా వచ్చినవాళ్ళకీ ఇదే మాట.

జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఒడ్డున వలకంచె కట్టిన చోట్లు కనిపిస్తే అవి ఆ గుడ్ల కోసమే, లోపలికి వెళ్ళొద్దు. రాత్రి తాబేలు ఎదురైతే టార్చి ఆర్పేసి దూరంగా నిలబడండి. వెలుగు పడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది.

(తెర మీద: మ్యాప్. భీమిలి నుంచి విశాఖ దాకా బీచ్ రోడ్డు.)

తిరిగి వెళ్ళేటప్పుడు బీచ్ రోడ్డునే వెళ్ళండి. దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు, ఇంకాస్త ముందుకెళ్తే తొట్లకొండ మీద పాత బౌద్ధ శిథిలాలు. దిబ్బల్లో నడిచేటప్పుడు అంచులెక్కకండి, మెత్తటి మట్టి, కాలు పెడితే విరిగి పడుతుంది. వేల ఏళ్ళుగా గాలీ వానా కలిసి చెక్కినవి అవి. రెండూ చూసుకుని మధ్యాహ్నం భోజనానికి విశాఖ చేరిపోవచ్చు. కారు లేనివాళ్ళకి ఆర్టీసీ బస్సులున్నాయి. ఎక్కేముందు బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుందో లేదో కండక్టర్ని అడగండి, ఎందుకంటే ఆనందపురం మీదుగా వెళ్ళేవీ ఉన్నాయి.