సంతకం విలువ: నాయకుల నిర్ణయాలు, విదేశీ పెట్టుబడులు

శ్రోతలకు నమస్కారం.

కోనసీమ తీరంలో సూరసాని యానం దగ్గరి రవ్వ చమురు క్షేత్రం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. సముద్రంలోని ఆ బావులను ఏళ్ల తరబడి నడిపింది స్కాట్లండ్‌కు చెందిన కెయిర్న్ కంపెనీ. 2004లో రాజస్థాన్ ఎడారిలో మంగళ అనే పెద్ద చమురు నిక్షేపాన్ని కనుక్కున్నదీ వాళ్లే. మన నేలలో ఇంతగా వేళ్లూనుకున్న ఆ కంపెనీ, 2021లో పారిస్ నగరంలోని భారత ప్రభుత్వ ఆస్తులను జప్తు చేయాలని అక్కడి కోర్టుకెక్కింది. కోర్టు ఒప్పుకుంది. ఇరవై దాకా ఆస్తులు, ఎక్కువగా ఫ్లాట్లు, స్తంభించిపోయాయి. వ్యవహారం అంతదాకా ఎందుకు వెళ్లిందో ఈ రోజు చెప్పుకుందాం.

కథ 2007లో మొదలైంది. మన దేశంలో హచ్ పేరుతో నడుస్తున్న ఫోన్ కంపెనీలో 67 శాతం వాటాను బ్రిటన్‌కు చెందిన వొడాఫోన్ కొనుక్కుంది. విలువ సుమారు 1,100 కోట్ల డాలర్లు. అయితే వాళ్లు ఇక్కడి వాటాలను నేరుగా కొనలేదు. కరీబియన్ సముద్రంలోని కేమన్ దీవుల్లో రిజిస్టరైన ఒక కంపెనీని కొన్నారు, దాని చేతిలో ఇక్కడి వాటా ఉంది. అమ్మినవారూ విదేశీయులే, కొన్నవారూ విదేశీయులే. కానీ ఆ విలువంతా మన ఊళ్లలోని టవర్లదీ, మనం చేయించుకున్న రీచార్జీలదీ. అందుకే ఆదాయపన్ను శాఖ పదకొండు వేల కోట్ల రూపాయలకు పైగా కట్టమంది. అలా అడగడంలో న్యాయం లేకపోలేదు. కానీ ఉన్న చట్టం ప్రకారం ఆ పన్ను రాదని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

రెండు నెలలు తిరక్కముందే బడ్జెట్ వచ్చింది. ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ ఆ చట్టాన్ని సవరించారు. సవరణ ఎప్పటి నుంచి వర్తిస్తుంది? 1962 ఏప్రిల్ నుంచి. అంటే యాభై ఏళ్ల వెనక నుంచి!

ఇకమీదట ఇలాంటి లావాదేవీలకు పన్ను ఉంటుందని చెప్పి ఉంటే ఏ కంపెనీ అంతగా బెదిరేది కాదు. పన్ను పెరిగితే లెక్కలు మార్చుకుంటారు, లాభం తగ్గించుకుంటారు, కుదరకపోతే రావడం మానేస్తారు. పంట నూర్చి ధాన్యం అమ్ముకున్నాక ఆసామి వచ్చి, పదేళ్ల కిందటి నుంచీ కౌలు పెంచాను, కట్టమంటే కౌలు రైతు ఏం చేయగలడు? వెనకటి తేదీ వేసిన చట్టంతో వచ్చే చిక్కు అదే. ముందుగా జాగ్రత్త పడే దారే ఉండదు.

2014లో ప్రభుత్వం మారింది. పన్ను ఉగ్రవాదం అంటూ పాత ప్రభుత్వాన్ని ఎన్నికల్లో తప్పుపట్టిన పార్టీయే గద్దెనెక్కింది. వెనకటి తేదీతో కొత్త పన్ను భారం మామూలుగా మోపబోమని ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ భరోసా ఇచ్చారు. కానీ చట్టాన్ని రద్దు చేయలేదు. 2015 మార్చిలో అదే చట్టం కింద, పాత లావాదేవీ ఒకదానికి, కెయిర్న్‌కు 10,247 కోట్ల రూపాయలకు నోటీసు వెళ్లింది. అంతకుముందే స్తంభింపజేసిన ఆ కంపెనీ వాటాలను ఆదాయపన్ను శాఖ తర్వాత అమ్మేసింది కూడా. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఘట్టమే. తప్పని తెలిసిన చట్టాన్ని తీసేయడానికి పెద్ద మెజారిటీ ఉన్న ప్రభుత్వానికీ ఏడేళ్లు పట్టింది.

ఆ లోపు వివాదాలు అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గరకు వెళ్లాయి. 2020 సెప్టెంబరులో వొడాఫోన్, డిసెంబరులో కెయిర్న్ గెలిచాయి. కెయిర్న్‌కు 120 కోట్ల డాలర్లు, పైన వడ్డీ ఇవ్వాలన్నారు. డబ్బు రాకపోయేసరికి ఆ కంపెనీ దేశదేశాల కోర్టులు తిరిగింది. అప్పట్లో ప్రభుత్వానిదైన ఎయిరిండియా మీద న్యూయార్క్‌లో దావా వేసింది. పారిస్ జప్తు సంగతి బయటికొచ్చిన నెలకే, 2021 ఆగస్టులో, నిర్మలా సీతారామన్ రద్దు బిల్లు పెట్టారు. వసూలు చేసింది వడ్డీ లేకుండా తిరిగిచ్చేస్తాం, కేసులు వదులుకోండి అన్నారు. తిరిగివ్వాల్సిన 8,100 కోట్లలో 7,900 కోట్లు ఒక్క కెయిర్న్‌వే.

మరి ఈ తొమ్మిదేళ్లూ మన దేశానికి విదేశీ పెట్టుబడులు ఆగిపోయాయా? లేదు. ఇంత పెద్ద మార్కెట్‌ను వదులుకోవడం ఎవరికైనా కష్టమే. అయితే పెట్టుబడి అంతా ఒక్క రకం కాదు. షేర్లు, బాండ్లు కొన్నవారు గంటల్లో వెళ్లిపోగలరు. 2021 మార్చిలో టర్కీ కేంద్ర బ్యాంకు వడ్డీరేటు పెంచిన రెండు రోజులకే అధ్యక్షుడు ఎర్దోగాన్ గవర్నర్‌ను తీసేశారు. సోమవారం మార్కెట్లు తెరవగానే ఆ దేశపు కరెన్సీ లీరా ఒక దశలో 15 శాతం దాకా పడిపోయింది. చమురు బావి తవ్వినవాడు, గాలిమర నిలబెట్టినవాడు అలా వెళ్లలేడు. అందుకే వచ్చే ముందే వందసార్లు ఆలోచిస్తాడు, పాలకుల పాత నడవడి మొత్తం చూస్తాడు.

ఇది ఢిల్లీకే పరిమితం కాదు. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించాలని కమిటీ వేసింది. కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంల మీద భారం నిజమే. ఒప్పందాల్లో గాలి కరెంటు యూనిట్ 4 రూపాయల 84 పైసలుంటే, అప్పటి కొత్త వేలంపాటల్లో 3 రూపాయల లోపే దొరికేది. అయినా కేంద్రం వద్దంటూ లేఖ రాసింది, జపాన్ రాయబారీ రాశారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలోని ధరలే చెల్లించమంది. ఆ మధ్య కాలమంతా బ్యాంకుల అప్పులు తీర్చాల్సిన కంపెనీలకు తగ్గించిన ధరే చేతికొచ్చింది.

ఈ కథలో మరో మలుపు ఉంది. కెయిర్న్, వొడాఫోన్ గెలిచింది ఇతర దేశాలతో మనకున్న పెట్టుబడి రక్షణ ఒప్పందాల బలంతోనే. అలాంటివి యాభైకి పైగా రద్దు చేస్తున్నట్టు ప్రభుత్వం నోటీసులిచ్చింది. 2015 చివర్లో తెచ్చిన కొత్త ఒప్పంద నమూనాలో పన్నుల వివాదాలకు చోటే ఇవ్వలేదు. మిగతా వివాదాల్లోనూ ముందు అయిదేళ్లు మన కోర్టుల్లోనే పోరాడాలని అందులో పెట్టారు. అంటే రేపు వచ్చే పెట్టుబడిదారుడికి పరాయి గడ్డమీద న్యాయం దొరికే దారి ఇరుకైపోయింది. ఇక వాళ్లకు మిగిలిన హామీలు రెండే. ఒకటి మన కోర్టులు, రెండోది మన పాలకులు తాము చేసిన సంతకానికీ, తమ ముందువాళ్లు చేసిన సంతకానికీ కట్టుబడి ఉండటం.

సెలవు.