షట్టర్ వెనక జనవరి 26

సభలో ఉన్న షాపు కార్మిక సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఏటా చివరి రెండు నెలల్లో మన ఫోన్లలో ఒక జీవో తిరుగుతుంది. వచ్చే ఏడాది సెలవుల జాబితా. సాధారణ సెలవులు ఒక పట్టిక, ఐచ్ఛిక సెలవులు ఇంకో పట్టిక. ఏ పండగ ఆదివారం పడిందో వెతుక్కుంటాం. దసరాకు తిథి చూడాలి, రంజాన్‌కు నెలవంక కనబడాలి. అందుకే ఆ తేదీలు ఏటా మారతాయి. మూడు జాతీయ సెలవులు మాత్రం కదలవు: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2. 2025లో దసరా సరిగ్గా గాంధీ జయంతి నాడే పడింది. ఆ రోజు మాంసం దుకాణాలు బంద్, పండగకేమో ఇంట్లో మాంసం వండాలి. జనం ఇబ్బంది పడ్డారు. అయినా గాంధీ జయంతిని మర్నాటికి జరపలేదు. జరపకూడదు కూడా.

జనవరి 26నే తీసుకోండి. రాజ్యాంగాన్ని 1949 నవంబరు 26నే ఆమోదించారు. పూర్తిగా అమల్లోకి తేవడానికి రెండు నెలలు ఆగారు. ఎందుకు? 1930లో అదే తేదీన దేశమంతా పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేసింది. లాఠీ దెబ్బలు తిన్నవాళ్ల తేదీ అది.

నేను బట్టల షాపులో చేరిన తొలి ఏడాది సంగతి చెబుతాను. జనవరి 26 పొద్దున షట్టర్ సగం దించి, లోపల మా చేత స్టాకు లెక్క పెట్టిస్తున్నారు. పక్క బడిలో జనగణమన మొదలైంది. చేతిలో చీరల కట్టలతోనే లేచి నిలబడ్డాం. సేటు కూడా నిలబడ్డాడు. పాట అయిపోగానే "ఊఁ, కానీయండి" అన్నాడు. సాయంత్రం దాకా పని. పైసా ఎక్కువ ఇవ్వలేదు. అడగొచ్చని మాకూ తెలియదు.

అడగొచ్చు. మన తెలుగు రాష్ట్రాల్లో 1974 నుంచి ఇందుకో చట్టం ఉంది. ఈ మూడు రోజులకూ జీతంతో సెలవు ఇవ్వాలి. తప్పనిసరై పని చేయిస్తే రెట్టింపు జీతం, లేదంటే ఆ రోజు జీతంతో పాటు ఇంకో రోజు సెలవు. సేటుతో గొడవెందుకని టెన్షన్ పడేవాళ్లు ఒంటరిగా వెళ్లకండి. నలుగురు కలిసి వెళ్లండి, మర్యాదగానే అడగండి.

వచ్చే జనవరి 26న పొద్దున ఎనిమిదింటికి మన సంఘం ఆఫీసు ముందు జెండా. షట్టర్లు పూర్తిగా దించి, పిల్లల్ని వెంటబెట్టుకుని రండి.