ఒకే ఇండక్షన్ స్టవ్, ఒకే గిన్నె: తిరుపతి రూములో రాగి సంగటి, ఊరిబిండి

అందరికీ నమస్కారం. ఈరోజు రాగి సంగటి గెలుకుదాం, దాంట్లోకి ఊరిబిండి, అంటే చెనిక్కాయల (వేరుశనగల) పచ్చడి, నూరుకుందాం. తిరుపతిలో యూనివర్సిటీకి దగ్గర్లో ముగ్గురం కలిసి అద్దెకుంటున్న రూము ఇది, కిటికీ పక్కన బల్ల మీద కనిపిస్తున్న ఈ ఇండక్షన్ స్టవ్వే మా వంటిల్లు. గ్యాస్ లేదు, రోలు లేదు. ఉన్నవి అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె ఒకటి, చెక్క తెడ్డు ఒకటి, చిన్న మిక్సీ జారు ఒకటి. మన చిత్తూరు వైపు నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్ళలో చాలామంది సంగటి అంటే సెలవులకి ఇంటికి పోయినప్పుడు అమ్మ పెడితే తినేదే అని, ఇక్కడున్నన్నాళ్ళూ మెస్సులో ఏది పెడితే అది తిని సర్దుకుపోవాలని అనుకుంటారు. నేను ఒప్పుకోను. చదువుకునేవాళ్ళ రూముకి సంగటి కంటే సరిపోయే వంట ఇంకోటి లేదు, ఎందుకో చేస్తూ చెప్తాను.

హాస్టల్లో ఉండేవాళ్ళు ముందు వార్డెన్‌ని అడగండి, చాలా చోట్ల రూముల్లో స్టవ్ పెట్టనివ్వరు. మాలాగా బయట అద్దెకున్నవాళ్ళకి ఆ టెన్షన్ లేదు.

గిన్నె సంగతి చూద్దాం. ఇంట్లో సంగటికి వాడే సత్తు గిన్నె ఇక్కడికి తెచ్చుకుంటే లాభం లేదు, ఇండక్షన్ మీద అది వేడెక్కదు. కొనేముందు చిన్న అయస్కాంతం ముక్క గిన్నె అడుగున పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే పనికొస్తుంది, జారిపోతే వద్దు. అడుగు చదునుగా ఉండాలి, మందంగా ఉండాలి. పల్చటి గిన్నెలో సంగటి అడుగంటుతుంది, అందులోనూ ఈ చిన్న స్టవ్‌లు మంట తగ్గించినప్పుడు నిజంగా తగ్గవు, కాసేపు ఫుల్లుగా మండి కాసేపు ఆగుతుంటాయి, ఆ మండినంతసేపూ అడుగు మాడిపోతుంది. మందం గిన్నె అయితే ఆ వేడిని సర్దుకుంటుంది.

ఇక పిండి. మా ఊరు పలమనేరు వైపు. అమ్మ రాగులు కడిగి, ఆరబోసి, మరలో పట్టించి, జల్లించి డబ్బాలో పోసిస్తుంది. మీకు ఇంటి నుంచి వచ్చే దారి లేకపోతే తిరుపతిలో ఏ చిల్లర అంగట్లో అయినా రాగిపిండి దొరుకుతుంది, కానీ కిలోలు కిలోలు కొనిపెట్టుకోవద్దు. పిండి పాతబడితే ముక్కవాసన వస్తుంది, చేదెక్కుతుంది, ఆ సంగటి మళ్ళీ ముట్టుకోబుద్ధి కాదు. అరకిలో కొనుక్కోండి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోండి, అయిపోయాక మళ్ళీ కొనుక్కోండి. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, బియ్యంలో దాంట్లో పిసరంత కూడా ఉండదు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు మా క్లాసులో కూడా దాని మీద పోస్టర్లు వేయించారు, అప్పుడు అందరూ ఎంతో కొత్తగా చూశారు. మా తాతలు పొద్దుపొద్దున్నే ఇది తిని కయ్యల్లోకి పోయినవాళ్ళే.

కొలతలు రాసుకోండి, ముగ్గురికి. బియ్యపు నూకలు అర గ్లాసు, రాగిపిండి గ్లాసున్నర, నీళ్ళు ఐదు గ్లాసులు, ఉప్పు కొంచెం. అన్నిటికీ ఒకటే గ్లాసు వాడండి, అది చిన్నదా పెద్దదా అన్నది ముఖ్యం కాదు. నూకలు లేకపోతే మామూలు బియ్యమే వేయండి, కాకపోతే ఎక్కువ సేపు ఉడకాలి. స్నానానికి పోయే ముందే నూకలు కడిగి నానబెట్టేస్తే మీరు వచ్చేలోపు అవి మెత్తబడి ఉంటాయి, పొద్దున పదింటి క్లాసుకి పోయేవాళ్ళకి ఇది చాలా టైం మిగులుస్తుంది.

స్టవ్ ఒకటే కదా, అందుకని వరస చాలా ముఖ్యం. ముందు ఊరిబిండికి కావాల్సినవి ఈ గిన్నెలోనే వేయించేస్తాను, తర్వాత ఇదే గిన్నె తుడిచి సంగటికి ఎసరు పెడతాను, ఎసరు ఉడికేలోపు ఊరిబిండి నూరడం అయిపోతుంది. చూడండి, అర గ్లాసు చెనిక్కాయ గింజలు వేశాను, నూనె వేయలేదు. మంట తక్కువలో పెట్టి తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి, ఫోన్ చూసుకుంటూ వదిలేస్తే ఒక పక్క నల్లబడి ఇంకో పక్క పచ్చిగా ఉంటాయి. పొట్టు అక్కడక్కడా చిట్లి, ఒక గింజ తీసి నలిపితే పొట్టు ఊడిపోయిందంటే చాలు. దించి పళ్ళెంలో పోసేయండి, గిన్నెలోనే వదిలితే ఆ వేడికి ఇంకా వేగిపోతాయి. మన జిల్లా మెట్ట కయ్యల్లో వాన పడిందంటే వేసేది ఎక్కువగా చెనిక్కాయే, అందుకే మన ఇళ్ళల్లో చట్నీ అన్నా పొడి అన్నా పులుసులోకి చిక్కదనం అన్నా అన్నిటికీ అదే.

ఇప్పుడు రెండు చుక్కల నూనె, ఏడెనిమిది పచ్చిమిరపకాయలు. ప్రతి కాయకీ చిన్న గాటు పెట్టండి, లేకపోతే టప్పుమని పేలి నూనె కళ్ళల్లో పడుతుంది. అక్కడక్కడా తెల్ల మచ్చలు వచ్చేదాకా వేగనిచ్చి, స్టవ్ ఆపేసి, ఆ వేడి మీదే ఉసిరికాయంత చింతపండు వేసి మూత పెట్టేయండి. రెండు నిమిషాల్లో చింతపండు మెత్తబడుతుంది, నానబెట్టే పని ఉండదు. కిటికీ తెరిచిపెట్టుకోండి, ఈ ఘాటుకి పక్క రూములవాళ్ళు కూడా తుమ్ముతారు.

మిరపకాయలు, చింతపండు తీసేశాను, గిన్నె మసిగుడ్డతో తుడిచాను. ఐదు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, ఎసరు బాగా మరిగాక నానిన నూకలు. ఫుల్లు మంట మీద ఒక పొంగు రానిచ్చి తర్వాత సగానికి తగ్గించండి. మూత పూర్తిగా వేయకండి, గంజి పొంగి స్టవ్ అద్దం మీద పడితే అది కడగడం పెద్ద పని. నూకలు అన్నంలా పలుకుగా ఉంటే సరిపోదు, వేలితో నొక్కితే పేస్టులా అయిపోవాలి. సంగటి ముద్ద పగిలిపోకుండా పట్టి ఉంచేది ఈ మెత్తబడిన బియ్యమే.

ఇది ఉడుకుతుండగా ఊరిబిండి. జారులో ముందు మిరపకాయలు, కల్లుప్పు, చింతపండు, మూడు తెల్లగడ్డ పాయలు, కొంచెం జీలకర్ర వేసి ఒక తిప్పు తిప్పండి. తర్వాత చెనిక్కాయలు. ఇక్కడ ఆపి ఆపి తిప్పాలి, ఒకేసారి గిర్రున తిప్పితే గింజల్లో నూనె బయటికొచ్చి అంతా జిడ్డు ముద్ద అవుతుంది, అది ఇడ్లీలోకి పనికొస్తుందేమో గానీ ఊరిబిండి అనిపించుకోదు. గింజ పంటికి తగలాలి. రెండు చెంచాల నీళ్ళు చాలు. ఆఖర్న చిన్న ఎర్రగడ్డ ముక్కలు చేసి వేసి ఒక్కసారి అలా తిప్పి వదిలేయండి, ముక్క కచ్చాపచ్చాగా నలిగి దాని రసం మాత్రం దిగాలి. మిక్సీ లేనివాళ్ళు అల్లం దంచుకునే చిన్న రాతి కల్వంలో కొంచెం కొంచెంగా దంచుకోండి, నిజానికి దాంట్లోనే రుచి ఎక్కువ.

టమోటా వేయలేదేంటి అంటారు కొందరు. కాల్చి వేసుకోవచ్చు, బాగుంటుంది. కానీ మన పక్కనే మదనపల్లెలో అంత పెద్ద టమోటా మార్కెట్ ఉండి కూడా ఆ ధర మన చేతిలో ఉండదు, ఒక నెల రోడ్డు పక్కన పారబోస్తారు, 2023 జూలైలో అయితే కిలో 150 కూడా దాటిపోయింది. రూములో డబ్బులు పంచుకుని వండుకునేవాళ్ళం టమోటా మీద ఆధారపడని వంటలు నాలుగైనా నేర్చుకుని ఉండాలి. ఊరిబిండి అందులో మొదటిది.

నూకలు ఉడికాయి, చూడండి ఎంత మెత్తగా అయ్యాయో. ఇప్పుడు చాలా జాగ్రత్తగా వినండి, సంగటి మొత్తం ఈ పది నిమిషాల్లోనే ఉంది. గిన్నెలోంచి అర గ్లాసు వేడి గంజి తీసి పక్కన పెట్టుకోండి. మంట బాగా తగ్గించి, రాగిపిండి మొత్తం మధ్యలో గుట్టలాగా పోయండి. కలపొద్దు. చెయ్యి దురద పెట్టినా కలపొద్దు. తెడ్డు వెనక కొసతో గుట్టలో నాలుగైదు చోట్ల అడుగుదాకా బొక్కలు పెట్టండి, వాటిలోంచి గంజి బుడబుడమని పైకొస్తుంది, ఆవిరి పిండి అంతటా పాకుతుంది. మూత పెట్టి అతి తక్కువ మంట మీద ఐదు నిమిషాలు, స్టవ్ ఆపేసి మూత తీయకుండా ఇంకో ఐదు నిమిషాలు.

ఎందుకు కలపకూడదంటే, పొడిపిండి ఒక్కసారిగా వేడినీళ్ళలో కలిస్తే ప్రతి ఉండకీ బయటి పొర ముందే ఉడికి జిగురుగా మూసుకుపోతుంది, ఇక నీళ్ళు లోపలికి పోవు, లోపల పిండి పిండిగానే ఉండిపోతుంది. ఆ ఉండల్ని తర్వాత ఎంత గెలికినా పగలవు. ఆవిరికి నెమ్మదిగా తడిసిన పిండి అయితే తెడ్డు పెట్టగానే కరిగిపోయినట్టు కలిసిపోతుంది.

పది నిమిషాలైంది. గిన్నెని స్టవ్ మీదే పెట్టి గెలకొద్దు, అద్దం పగిలిపోతుంది. పాత టవల్ని గుండ్రంగా చుట్టి కుదురు చేసి నేల మీద పెట్టి, దాని మీద గిన్నె పెట్టుకుని, ఒక చేత్తో మసిగుడ్డతో అంచు గట్టిగా పట్టుకోండి. మొదట గిన్నె అంచుల నుంచి లోపలికి, తర్వాత అడుగు నుంచి పైకి, తెడ్డుని గిన్నె గోడకేసి నొక్కుతూ గెలకండి. భుజం నొప్పి పుడుతుంది, పుట్టాలి కూడా, మూడు నిమిషాలు ఆగకుండా గెలికితేనే మెరుపు వస్తుంది. గట్టిగా అనిపిస్తే తీసిపెట్టిన గంజి కొంచెం పోయండి, చన్నీళ్ళు మాత్రం పోయొద్దు. వేలు నీళ్ళలో ముంచి సంగటిని తాకండి, వేలికి అంటకపోతే ఉడికినట్టే. అంటితే కాస్త గంజి చిలకరించి మూత పెట్టి ఇంకో రెండు నిమిషాలు స్టవ్ మీద పెట్టండి.

చిన్న గిన్నెలో నెయ్యి గానీ నీళ్ళు గానీ రాసి, వేడి వేడి సంగటి వేసి గుండ్రంగా తిప్పితే ముద్ద దానంతటదే వస్తుంది. మధ్యలో బొటనవేలితో గుంత చేసి నెయ్యి, పక్కన ఊరిబిండి. మా రూములో ఒకతను గోదావరి వైపువాడు, మొదటిసారి అన్నం నమిలినట్టు నమలబోయాడు, అదంతా పళ్ళకి అంటుకుంది. సంగటిని నమలరు, చిన్న ముక్క తుంచి, బిండిలో గానీ పులుసులో గానీ అద్దుకుని మింగడమే. ఇప్పుడు వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి రాగిపిండి పంపమంటున్నాడు.

చేస్తూ చెప్తానన్న కారణం ఇదే: పొద్దున తొమ్మిదింటికి ఒక ముద్ద తిని పోతే మధ్యాహ్నం ల్యాబ్ లేటయినా కడుపు గోల పెట్టదు, క్యాంటీన్ వైపు కాళ్ళు లాగవు. మిగిలితే పారేసే పనే లేదు. మిగిలిన ముద్దని రాత్రి మునిగేలా నీళ్ళలో వేసి మూత పెట్టండి, పొద్దునకి కొంచెం పులుస్తుంది, దాన్ని చేత్తో పిసికి మజ్జిగ, ఉప్పు, పచ్చి ఎర్రగడ్డ వేసుకుని తాగేయండి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పరీక్షలూ అప్పుడే ఉంటాయి, ఆ రోజుల్లో నేను ఇది తాగకుండా రూము దాటను.

గిన్నె విషయం మర్చిపోయేలోపు చెప్పేస్తాను, సంగటి తీసేసిన వెంటనే గిన్నె నిండా నీళ్ళు పోసేయండి. ఎండిపోయిందంటే గోళ్ళు పోతాయి గానీ అది రాదు. నానితే అడుగున అంటిన పొర కాగితంలా లేచి వస్తుంది.

చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు పులుసు చేద్దాం, సంగటిలోకి దాన్ని మించింది ఇంకేదీ లేదని మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. గింజలు రాత్రంతా నానాలి, తర్వాత ఒక్కో గింజ పితికి పప్పు తీయాలి, ముగ్గురు కూర్చుంటే గంటలో అయిపోతుంది, ఒకరు నోట్స్ చదువుతుంటే మిగతా ఇద్దరూ పితుకుతూ వినొచ్చు. డిసెంబర్లో రైతుబజారుకి పోయినప్పుడు అనపకాయలు కనిపిస్తే ఒక కిలో తెచ్చిపెట్టుకోండి, ఉంటాను మరి.