లాట్ తీసేసినా బోర్డు మీద ఎందుకు ఉంటది?

[తెర: వరంగల్ ఎనుమాముల యార్డు మిర్చి లాట్ల బోర్డు నమూనా. తేజ 40 బస్తాలు, వండర్ హాట్ 25, చపాటా 12]

సీ షార్ప్‌లో, విండోస్ తెరలు కట్టే డబ్ల్యూపీఎఫ్‌తో రాసిన బోర్డు అనుకోండి. వండర్ హాట్ అమ్ముడైంది, కోడ్‌లో తీసేశాం. జాబితాలో రెండే ఉన్నాయి, తెర మీద ఇంకా మూడు. జాబితా మారిందని తెరకు చెప్పినోళ్లు లేరు, అంతే.

చాలామంది చేసేది ఏంటంటే, లిస్ట్ క్లాస్‌ను ఇన్‌హెరిట్ చేసి 'న్యూ' కీవర్డ్‌తో కొత్త యాడ్ రాసి, జాబితా మారిందని చెప్పే ఈవెంట్‌ను అందులో లేపుడు. లిస్ట్‌లోని యాడ్ వర్చువల్ కాదు, అంటే దాన్ని ఓవర్‌రైడ్ చేయలేం. అదే ఆబ్జెక్ట్‌ను లిస్ట్ టైప్ వేరియబుల్‌లో పెట్టి పిలిస్తే పాత యాడే నడుస్తది, మీ ఈవెంట్ ఊసే ఉండదు.

అందుకే కలెక్షన్ క్లాస్‌తో మొదలుపెట్టండి. ఓవర్‌రైడ్ చేసేవి నాలుగే: ఇన్‌సర్ట్‌ఐటెమ్, రిమూవ్‌ఐటెమ్, సెట్‌ఐటెమ్, క్లియర్‌ఐటెమ్స్. యాడ్ అన్నా, ఇన్‌సర్ట్ అన్నా ఇన్‌సర్ట్‌ఐటెమ్ గడప దాటాల్సిందే. మార్పు కబురు తెరకు చేరేది ఐనోటిఫైకలెక్షన్‌ఛేంజ్డ్, ఐనోటిఫైప్రాపర్టీఛేంజ్డ్ అనే ఇంటర్‌ఫేస్‌లతో, క్లాస్‌కు రెండూ తగిలించండి.

ఇదంతా చేసిపెట్టిన అబ్జర్వబుల్‌కలెక్షన్ 2006లో డాట్‌నెట్ 3.0తోనే వచ్చింది. సొంత లెక్కలేవీ లేకపోతే అదే వాడుకోండి, ఈ తిప్పలు ఎందుకు?

[తెర: రిమూవ్‌ఐటెమ్ కోడ్, ఒక్కో లైను వెలుగుతూ]

ముందు, పోయే లాట్‌ను వేరియబుల్‌లో పట్టుకోండి. తీసేశాక ఆ ఇండెక్స్‌లో కూర్చునేది చపాటా మరి. తర్వాత బేస్ మెథడ్, అంటే కలెక్షన్ క్లాస్‌లోని అసలు రిమూవ్‌ఐటెమ్. ఆ తర్వాతే ఈవెంట్లు: కౌంట్ మారిందని, ఇండెక్సర్ మారిందని ('ఐటెమ్[]' అనే పేరుతో), చివరికి రిమూవ్ యాక్షన్, పాత లాట్, ఇండెక్స్ 1 (లెక్క సున్నా నుంచి). బేస్ కన్నా ముందే ఈవెంట్ లేపితే, విన్న కోడ్ వచ్చి చూసేసరికి లాట్ అక్కడే ఉంటది. ఇండెక్స్ ఇవ్వకపోతే డబ్ల్యూపీఎఫ్ ఊరుకోదు, ఎక్సెప్షన్ విసురుతది.

సెట్‌ఐటెమ్‌కు రీప్లేస్ యాక్షన్. పాతది, కొత్తది రెండూ పంపాలి.

అసలు మెలిక క్లియర్‌లో. అక్కడ లేపేది రీసెట్, అంటే జాబితా మొత్తం మారిందనే ఈవెంట్; దాంతో పాత ఐటెమ్‌లు రావు. లాట్ ధర మారుడు కలెక్షన్ మార్పు కాదు కాబట్టి, దాన్ని వినడానికి ఒక్కో లాట్‌కు హ్యాండ్లర్ (ఈవెంట్ వస్తే నడిచే మన కోడ్) తగిలిస్తాం. బేస్ పిలవకముందే లూప్ తిప్పి అవన్నీ ఊడదీయాలి. లేదంటే బోర్డులో లేని లాట్ ధర మారినా మన హ్యాండ్లర్ లేస్తది.

ఇగ 500 లాట్లు ఒకేసారి వేస్తే? ఒకే యాడ్ ఈవెంట్‌లో అన్నీ పంపితే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8లో డబ్ల్యూపీఎఫ్ జాబితా వ్యూ ఒప్పుకోదు. చప్పుడు లేకుండా లోపలి జాబితాలో వేసి, చివర్లో ఒక్క రీసెట్ లేపండి. రీసెట్‌తో వరుసలన్నీ మళ్లీ కట్టుకుంటది, అందుకే ఐదారు లాట్లకైతే ఒక్కొక్కటిగా యాడే నయం.